మరమేకు మొండిది

నర్సీపట్నంలో ఒక ఠాణా ఉందనుకోండి. ఏ ఠాణా అని అడక్కండి. ఇది కల్పించిన కథ, పేరు పెడితే ఎవరో ఒకరు భుజాలు తడుముకుంటారు. కాలం మాత్రం చెప్పుకోవచ్చు. పోలీసుల భుజాన ఇంకా త్రీనాట్‌త్రీ వేలాడుతున్న కాలం. నెల శ్రావణం. లంబసింగి ఘాటు మీద మబ్బు దిగి కూచుంటే కింద నర్సీపట్నంలో గోడలు చెమరుస్తాయి, అప్పడాలు మెత్తబడతాయి, ఇనుముకి తుప్పు పడుతుంది.

ఆ ఠాణాలో ఒక తుపాకి. బెంగాల్లోని ఈషాపూర్ కర్మాగారంలో పుట్టినది. గొట్టం కింద పొడుగాటి కర్ర, కర్ర కింద మీటకు కాపుగా వంచిన ఇనప కమ్మీ. ఆ కమ్మీని రెండు మరమేకులు పట్టి ఉంచుతాయి, ముందొకటి, వెనకొకటి. ముందుది కర్రలోంచి పైకి పోయి తుపాకి ఒంట్లో బిగుసుకుంటుంది. అది వదులైతే కర్ర కదులుతుంది, కర్ర కదిలితే గురి కుదరదు. పైకి కనిపించేది దాని తల ఒక్కటే, పావలా కాసంత కూడా ఉండదు. తల మీద అడ్డంగా ఒక గాడి.

మర్నాడు ఆయుధాల తనిఖీ. తుపాకిని ఊపితే కర్ర లోపల కటకటమంటోంది. కర్ర విప్పి చూడటం ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ పని, కానిస్టేబులు దాని జోలికి పోకూడదు. కానీ ఆర్మరర్ ఉండేది జిల్లా కేంద్రంలో. కబురు పెడితే వారం, వస్తే పది ప్రశ్నలు. హెడ్డుగారు కుర్ర కానిస్టేబుల్ని పిలిచి, "ఒరే, ఇది విప్పి, తుడిచి, బిగించెయ్. సాయంత్రానికి అయిపోవాల" అన్నారు.

గుండు లేదని ముందు చూసుకున్నారు. మేగజైను తీసి, బోల్టు వెనక్కి లాగి, తూటా గదిలో వేలు పెట్టి మరీ చూశారు. ఆ రోజు వాళ్లు సరిగ్గా చేసిన పని అదొక్కటే.

కుర్రాడు టెస్టరు తెచ్చాడు. మనవాళ్ల ప్రతి ఇంట్లోనూ ఉండేదే, కరెంటుందో లేదో చూడటానికి. పెయింటు డబ్బా మూత తియ్యడానికీ, కుక్కర్ పిడి బిగించడానికీ, పిల్లాడి సైకిలు బెల్లు సర్దడానికీ కూడా అదే. దాని మొన గాడిలో సగం కూడా నిండలేదు. తిప్పాడు. కదల్లేదు. బలంగా తిప్పాడు. మొన జర్రున జారి గాడి అంచు మీద మెరిసే గీత పడింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ గీత. అరగంటకి గాడి అంచులు కరిగిన బెల్లంముక్కలా గుండ్రబడ్డాయి.

"రావట్లేద్సార్. మొండిది."

హెడ్డుగారికి బలం ఎక్కువ, ఓపిక తక్కువ. జీపు పెట్టెలోంచి పెద్ద స్క్రూడ్రైవరు తీయించారు. దాని మొన గాడికన్నా మందం, లోపలికి దిగదు. దిగకపోతే ఏం, సుత్తితో కొట్టి దింపారు. తర్వాత రెండు చేతులా పట్టి ఒక్క తిప్పు తిప్పారు. మేకు తలలో సగం చెక్క లేచి వరండా అవతల పడింది. హెడ్డుగారు చెమట తుడుచుకుని తీర్పు చెప్పారు: "ఇది మామూలు మొండిది కాదు."

మధ్యాహ్నం అబీద్ సెంటరు నుంచి మోటారు మెకానిక్ వచ్చాడు. తుపాకి ఠాణా గడప దాటకూడదు కాబట్టి అతన్నే రప్పించారు. అతని దగ్గర అసలైన సామానుంది. మేకు మధ్యలో సన్నని బెజ్జం వేసి, అందులో ఎదురు మర ఉన్న ఉక్కు పుల్ల దింపి ఎడమకి తిప్పితే, పుల్ల కొరికి పట్టుకుని మేకుని బయటికి లాక్కొస్తుంది. లారీ ఇంజన్లలో విరిగిన బోల్టులు అతను వందలు తీసి ఉంటాడు. ఆ పుల్లకి ఒక గుణముంది, చాలా గట్టిది, అందుకే చాలా పెళుసు. హెడ్డుగారు పక్కనే నిలబడి "తిప్పవయ్యా, తిప్పు" అంటున్నారు. తిప్పాడు. టక్‌మంది. పుల్ల లోపలే విరిగి మేకులో మేకై కూచుంది. ఇక బెజ్జం వేద్దామన్నా దాని మీద డ్రిల్లు నాటుకోదు. మెకానిక్ సామాను సర్దుకుని, కూలి సంగతి మళ్లీ మాట్లాడదామని వెళ్లిపోయాడు. పాపం, అతనికి పని తెలీక కాదు. అప్పటికే రెండుసార్లు చెడిన మేకు అతని చేతికొచ్చింది.

అప్పుడొక అనుభవజ్ఞుడు లేచాడు. అలాంటివాడు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. "ముందునుంచి రాకపోతే వెనకనుంచి రావాల" అన్నాడు. తుపాకి మడమ అడుగున ఇత్తడి పలక, పలకలో చిన్న తలుపు, లోపల మడమని తుపాకికి బిగించే పొడుగాటి బోల్టు. పొడుగు స్క్రూడ్రైవరు దూర్చి దాన్ని విప్పితే వదులవుతుందని అతని లెక్క. ఈ రకం తుపాకిలో ఆ బోల్టు కొస నలుచదరంగా ఉంటుంది, తిరిగిపోకుండా ముందు కర్రలో ఇమిడి కూచుంటుంది. అందుకే ముందు కర్ర విప్పకుండా వెనక బోల్టు తిప్పకూడదని ఆర్మరర్‌కి మొదటి పాఠంలోనే చెప్తారు. ఇతను ఆ పాఠానికి వెళ్లలేదు. రెండో తిప్పుకి కర్ర చిట్లింది. ఆ చప్పుడు వరండాలో అందరూ విన్నారు, ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

తనిఖీ అయ్యింది. ఆ తుపాకిని మరమ్మతులో ఉన్నట్టు చూపించారు. మూడో రోజున, బలిఘట్టం దారిలో కొలిమి ఉన్న కమ్మరిని పిలిపించారు.

కమ్మరి మహాజ్ఞాని ఏం కాదు. నడివయసు, నోట్లో చుట్ట, వచ్చీ రాగానే కూలి ఎంతిస్తారని అడిగిన మనిషి. తుపాకిని ఒళ్లో పెట్టుకుని మేకుని వెలుతురుకి తిప్పి చూశాడు.

"ఏటి బాబూ, దీన్నిలగ సేసినారు? మొదట ఎవులు తిప్పినారు? దేంతోటి?"

కుర్రాడు హెడ్డుగారి వంక చూశాడు. హెడ్డుగారు గోడ మీద క్యాలెండరు వంక చూశారు.

"నీకెందుకయ్యా అది? తియ్యగలవా లేదా?"

"తీస్తాన్లెండి. రెండ్రోజులు ఒగ్గెయ్యాల. ఇలాటి మేకున్న తుపాకి ఇంకోటి సూపించండి, దాని గాడి సెడిపోకుండా ఉండాల."

పక్క తుపాకి తెచ్చారు. ఠాణాలో కవర్లకు సీలు వేసే లక్క అడిగి తీసుకుని, కాస్త కరిగించి, ఆ మంచి గాడిలో అచ్చు పట్టుకున్నాడు. చెడిన మేకు చుట్టూ కిరసనాయిలు నాలుగు చుక్కలు వేశాడు. రాత్రికి మరో నాలుగు వెయ్యమని కుర్రాడికి చెప్పి ఇంటికి పోయాడు. కిరసనాయిలు నీళ్లకన్నా సన్నని సందులో పాకుతుంది. కానీ దాన్ని పరిగెత్తించడం ఎవరి వల్లా కాదు.

రెండు రోజులకి తిరిగొచ్చాడు. పాత కమానుముక్క సాగ్గొట్టి, లక్క అచ్చు చూసుకుంటూ ఆకురాయితో అరగదీసి, గాడి అడుగుదాకా దిగి నిండా కూచునే మొన చేసి తెచ్చాడు. ముందు పెళుసు పుల్ల సంగతి చూశాడు. దాన్ని లాగలేదు, సన్నటి ఉలితో కొట్టి ముక్కలు చేసి సూదితో ఏరాడు. మిగిలిన సగం తల మీద తన మొన కొలతకే కొత్త గాడి చెక్కాడు. మెస్సు పొయ్యిలో ఇనపకడ్డీ ఎర్రగా కాల్చి, కర్రకి తగలకుండా మేకు తల మీద ఆనించి పట్టుకున్నాడు, తీశాడు, చల్లారనిచ్చాడు, మళ్లీ ఆనించాడు. ఇనుము వేడికి ఉబ్బి, చల్లారితే ముడుచుకుంటుంది. ఆ ఉబ్బడం ముడుచుకోవడంలో తుప్పు పట్టు వదిలేస్తుంది. తర్వాత మొన పెట్టి, దాని మీద సుత్తితో గట్టిగా ఒక్క దెబ్బ వేశాడు. కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. ఆ తర్వాత తిప్పాడు, విప్పే వైపు కాదు, బిగించే వైపు, వెంట్రుకవాసి. కిర్రుమంది. ఇప్పుడు విప్పే వైపు. వచ్చింది.

అరచేతిలో పెట్టి చూపించాడు. తల తప్ప మేకంతా బాగుంది. మర కొత్తదానిలా మెరుస్తోంది. తడిసిన కర్రని ఆనుకున్న చోట మాత్రం నడుం చుట్టూ ఎర్రగా తుప్పు, అంతే.

"మరలో తప్పేటీ లేదు బాబూ. మొదట్రోజే ఈ మొనెట్టి తిప్పితే బీడీ కాల్చినంత సేపు పట్టదు."

ఆ సాయంత్రం రిజిస్టరు రాశారు. అక్షరం చెడకుండా కుర్ర కానిస్టేబులే రాశాడు, హెడ్డుగారు చెప్పారు. 'ముందువైపు మరమేకు లోపభూయిష్టమైనందున సకాలంలో ఊడిరాలేదు. కర్ర పాతదగుట వలన చిట్లినది.' కమ్మరి కూలి ఏ పద్దులో రాయాలో ఎవరికీ తోచలేదు, ఆర్మరర్ కానివాడికి డబ్బిచ్చే పద్దు లేదు. చివరికి కుర్రాడు జేబులోంచి ఇచ్చాడు. కాగితం పైకి వెళ్లింది. పైన చదివినవాళ్లు ఊరుకునే రకం కాదు. నాలుగు నెలలకి అన్ని ఠాణాలకీ సర్క్యులరు దిగింది: ఆ రకం తుపాకుల్లో ముందువైపు మరమేకులు లోపంతో ఉన్నట్టు తెలియవచ్చినందున, అవి వదులు కాకుండా ఇకమీదట మరింత బలంగా బిగించవలెను.

నీతి

పిల్లల వాచకంలో అయితే ఇక్కడ ఓర్పు గురించి ఒక వాక్యం రాసి కథ ముగించేవారు. నాకది నచ్చదు. కమ్మరి ఓర్పుతో మాత్రమే పని చెయ్యలేదు, కాల్చాడు, చెక్కాడు, సుత్తితో కొట్టాడు కూడా. హెడ్డుగారిదీ సుత్తే, కమ్మరిదీ సుత్తే. తేడా ఏమిటంటే కమ్మరి సుత్తి పట్టేముందు కొలత తీసుకున్నాడు. కాబట్టి నీతి ఇది: కదలనిదాన్ని మొండిదని పిలవబోయే ముందు, దాని మీద మొదట పడిన పనిముట్టు ఏదో చూడాలి. రెండో సగం కూడా ఉంది, అది ఇంకాస్త చేదు. గాడి చెరిపిన చెయ్యే తర్వాత రిజిస్టరు రాస్తుంది.

మొదటి సగానికి తుపాకి పనివాళ్ల లెక్క ఉంది. మామూలు స్క్రూడ్రైవరు మొన వాలుగా సన్నబడుతుంది. అది గాడి అడుగును తాకదు, పై అంచుల్నే పట్టుకుంటుంది. తిప్పినకొద్దీ ఆ వాలు మీదుగా పైకి జారుతుంది. అంటే ఎంత బలం పెడితే అంత తొందరగా బయటికొస్తుంది, వస్తూ వస్తూ అంచుల్ని చెక్కేసి మరీ వస్తుంది. మన బలమే మనల్ని బయటికి తోస్తుంది, మనమేమో మేకే తోసిందనుకుంటాం. అందుకే వాళ్లు మొనను రెండు పక్కలా సమంగా, గాడి నిండేట్టు అరగదీసుకుంటారు. నిజంగా మర పాడైన మేకులు లేవా అంటే ఉన్నాయి. అలాంటివి ఎంత తిప్పినా అక్కడే తిరుగుతూ ఉంటాయి. వాటికీ బలం మందు కాదు.

ఈ కథ నర్సీపట్నంలోనే ఎందుకు పెట్టానంటే, మన్యాన్ని లొంగదీయడానికి బలం కొండెక్కిన దారుల్లో ఈ ఊరి మీదుగా పోయేదొకటి.

1879లో గోదావరి ఏజెన్సీలో రంప పితూరీ, అంటే తిరుగుబాటు, లేచింది. కారణాల్లో ముఖ్యమైనది కల్లు మీద పన్ను. కొండవాడి ఇంట్లో కల్లు సరదా కాదు, కొన్ని నెలలు అదే తిండి. ఆ కల్లు చెట్టు మీద, ఆ కొండలకు జమీందారులాంటి మన్సబుదారు ఒక పక్కా, కల్లు గుత్తదారు మరో పక్కా చెయ్యి పెట్టారు. తిరగబడితే సర్కారు ఆరు రెజిమెంట్ల మద్రాసు పదాతిదళాన్ని దింపింది. అంతా అయ్యాక విచారణ జరిగింది, మన్సబుదారు చేసిన దోపిడీ బయటపడింది, అతన్ని తప్పించి ముఠాలను, అంటే కొండ ఊళ్ల గుంపులను, నేరుగా ముఠాదారులకే రాసిచ్చారు. మరలో తప్పు లేదని రెజిమెంట్లు వచ్చిపోయాక తెలిసింది. ఆ తెలిసింది కూడా ఎన్నాళ్లో నిలవలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, పోడు కొట్టుకునే చేతికి కేసులొచ్చాయి. ఆ తర్వాత గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వచ్చాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా పైకి పోయే రోడ్డు పని అతని చేతికొచ్చింది. కొండవాళ్ల చేత రాళ్లు మోయించి, సరైన కూలి ఇవ్వకుండా చేసిన పని. ఈ రోజు చలికాలంలో మంచు చూడటానికి కార్లు బారులు తీరే ఘాటు అదే.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి ఠాణా మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు ఠాణాల్లో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకెళ్లారు. ఈ కథకు నాకు కావలసిన వివరం తుపాకులు కాదు. రాజు పట్టుకెళ్లిన ఆయుధాల వివరం ఠాణా పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టాడు. దొంగతనమని రాసుకునే అవకాశం కూడా ఠాణాకి మిగల్చలేదు. చేసినవాడే చేశానని రాసిన పుట అది. రోడ్డు పనిలో ఎగ్గొట్టిన కూలి కింద అలా సంతకం పెట్టిన దొర ఒక్కడూ లేడు.

దానికి పైనుంచి వచ్చిన జవాబు కూడా సర్క్యులరు లాంటిదే. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు రాజు మనుషుల దాడిలో చనిపోయారు. మలబారు స్పెషల్ పోలీసులు దిగారు. వాళ్లు చాలక 1924లో అస్సాం రైఫిల్స్ దిగింది. ఈ చలికొండల్లోకి ఎక్కడి అస్సాం! మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. బిగింపు పూర్తయ్యింది. కూలి లెక్క తేల్చడానికి అంతమంది సైనికులు అక్కర్లేదు, నిజాయితీగల ఒక గుమాస్తా సరిపోయేవాడు.

ఇదంతా తెల్లవాళ్ల కాలం మాట అని చేతులు దులుపుకోవడం తేలిక. వాళ్లు పోయి తరాలు గడిచాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు చింతపల్లి అల్లూరి పేరున్న జిల్లాలోకి వెళ్లింది, నర్సీపట్నం అనకాపల్లిలోకి వచ్చింది. కానీ ఎగువకు వెళ్లొచ్చిన ఉద్యోగుల నోట కొండవాళ్ల గురించి ఇప్పటికీ వినే మాట ఒకటుంది: "వాళ్లు మారరండీ. ఎంత చెప్పినా కదలరు." విన్నప్పుడల్లా నాకు కమ్మరి ప్రశ్నే అడగాలనిపిస్తుంది. మొదట ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు, వరినాట్ల రోజున చెప్పారా, సంత రోజున చెప్పారా?

కొలత తీసుకోవడం సర్కారుకి చేతకాదని అనను. 2006 అటవీ హక్కుల చట్టంలో అది ఉంది. ఏ భూమి ఎవరు సాగుచేస్తున్నారు, ఎంత అనే విచారణను ఆఫీసులో కాకుండా గ్రామసభ దగ్గర మొదలుపెట్టమంది ఆ చట్టం. ఊరివాళ్లు చెప్పిందే మొదటి కాగితం కావాలి, తర్వాతే పై కమిటీలు. ఆ సభకు వచ్చే ఉద్యోగి ఖాళీ కాగితంతో వస్తున్నాడా, ముందే టైపు చేసి వేలిముద్రలకు మాత్రం జాగా వదిలిన తీర్మానంతో వస్తున్నాడా? ఆ సంగతి తెలుసుకోవడానికి రిజిస్టరు తిరగెయ్యనక్కర్లేదు. కొయ్యూరు వైపో, జి.మాడుగుల వైపో సంత రోజున ఎవరినడిగినా చెప్తారు.